తొట్టి మధ్యలో అద్దం

ఎర వేసి చేపల్ని పట్టడం లోకంలో అందరికీ తెలుసు. చేపల్నే ఎరగా వేసి పిల్లని పట్టాలన్న ఆలోచన మాత్రం సబీహా మరిది రిజ్వాన్‌కే వచ్చింది. ఆ చేపల్ని ఎంచిపెట్టే పని మళ్ళీ సబీహాకే అప్పజెప్పాడు, అదీ ఎంతో మర్యాదగా.

సబీహా, ఖాలిక్‌లది బెజవాడ వన్‌టౌన్‌లో, పంజా సెంటర్ వెనక సందులో కాపురం. ఖాలిక్ పరుపులు కుడతాడు. ఏళ్ళు గడిచినా వాళ్ళకి పిల్లలు లేరు. ఖాలిక్ తమ్ముడు రిజ్వాన్ భార్య షహనాజ్‌కి మాత్రం ఇద్దరు మగపిల్లల తర్వాత ఆడపిల్ల పుట్టింది. నలభయ్యో నాడు చిల్లా స్నానం చేయించిన రోజున అత్తగారు దిల్షాద్ బేగం ఆ పసిగుడ్డుని షహనాజ్ ఒళ్ళోంచి తీసి, బంధువులందరి ఎదుటా సబీహా ఒళ్ళో పెట్టింది. ఇక నుంచి ఇది నీ బిడ్డ అంది. పిల్లలు లేని తోబుట్టువుకి అలా ఇచ్చుకోవడం వాళ్ళ బంధువుల్లో కొత్తేమీ కాదు. షహనాజ్ ఆ పూట గోడవైపు తిరిగి పడుకుంది. నీ ఇష్టమేమిటని ఆమెను ఎవరూ అడగలేదు.

ఆ పిల్లే నస్రీన్. సబీహాని అమ్మీ అంటుంది, ఖాలిక్‌ని అబ్బా అంటుంది. కన్నవాళ్ళు ఆమెకి చాచా, చాచీ, అంటే బాబాయి, పిన్ని. ఎవరి కడుపున పుట్టిందో నస్రీన్‌కి తెలుసు. ఎవరూ దాచలేదు, దాచాల్సిన అవసరమూ ఎవరికీ కనపడలేదు.

ఇప్పుడా పిల్లకి ఎనిమిదో ఏడు. రిజ్వాన్ ఆటోనగర్‌లో లారీల సామాన్ల వ్యాపారంలో పైకొచ్చి భవానీపురంలో మేడ కట్టాడు. కొత్త ఇంటికి చేరిన దిల్షాద్ బేగం వారం తిరక్కుండానే కొత్త తీర్పు చెప్పింది. పిల్ల ఎదుగుతోంది, మంచి బడి ఇక్కడ దగ్గర, సొంత అన్నలు ఇక్కడున్నారు, కాబట్టి ఇక ఇక్కడే ఉండాలి. ఇచ్చిన చేత్తోనే వెనక్కి తీసుకోవడం ఆమెకి తప్పుగా తోచలేదు. సబీహా మొగుడి వంక చూసింది. ఖాలిక్ నేల వంక చూశాడు. తల్లి మాట జవదాటని కొడుకని ఖాలిక్‌కి బంధువుల్లో గొప్ప పేరు. ఆ పేరు కింద పడి సబీహా ఎన్నిసార్లు నలిగిందో ఆ బంధువుల్లో ఒక్కరికీ పట్టదు.

సబీహా అన్నం మానేసింది, ఏడ్చింది, మాట్లాడటం మానేసింది. చివరికి అత్తగారు ఒక మెట్టు దిగింది. రంజాన్ నెలంతా పిల్ల కొత్త ఇంట్లో ఉంటుంది. ఈద్ రోజున ఎక్కడుంటావో చెప్పమని దాన్నే అడుగుదాం, అది ఏ ఇల్లంటే ఆ ఇల్లు. ఈ మాటకి అందరూ ఒప్పుకున్నారు. సబీహా కూడా ఒప్పుకుంది, ఎందుకంటే నస్రీన్ ఏం చెబుతుందో తనకి తెలుసనుకుంది.

అక్వేరియం సంగతి ఆ తర్వాత బయటికి వచ్చింది. హాల్లో గోడంత తొట్టి పెట్టిస్తున్నానని, చేపల్ని నస్రీన్ చేతే ఎంపిక చేయిస్తానని రిజ్వాన్ చెప్పాడు. వాటికోసమైనా పిల్లకి ఇల్లు అలవాటవుతుందని నవ్వాడు. ఎవరింటి పిల్లని ఎవరింటికి అలవాటు చేస్తున్నాడో కొంచెమైనా ఆలోచించే మనిషైతే ఆ మాట సబీహా ఎదుట అనడు. రిజ్వాన్ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకోవడానికి తేలిగ్గా ఉండేది.

గవర్నరుపేటలో శౌరయ్య అనే ఆయన చేపల దుకాణం నడిపేవాడు. మెడలో సన్నటి సిలువ, చేతిలో ఎప్పుడూ తడి వల, నోటినిండా కబుర్లు. ఆ రోజుల్లో ఫ్లవర్‌హార్న్ చేప ఇంట్లో ఉంటే కలిసొస్తుందని బెజవాడ మొత్తం వెర్రెత్తి తిరుగుతోంది. రిజ్వాన్ దుకాణంలోకి వస్తూనే దాని ముందు నిలబడ్డాడు. ఎర్రటి ఒళ్ళు, నుదుటి మీద బుడిపె, ఎవరో అప్పు ఎగ్గొట్టినట్టు చూసే కళ్ళు. ఇది కావాల్సిందే అన్నాడు. నస్రీన్ మాత్రం మూలనున్న తొట్టి దగ్గర ఆగిపోయింది. అందులో వేలెడంత పసుపు చేపలు, పసుపు కొమ్ములు ఈదుతున్నట్టు, రాళ్ళ సందుల్లో తిరుగుతున్నాయి. ఈలోగా రిజ్వాన్ సెల్‌ఫోన్ మోగింది.

"మీరే చూసి ఎంచండి భాభీ. దానికేం ఇష్టమో మీకు తెలిసినట్టు మాకెవరికి తెలుసు?" అని ఫోను చెవికి పెట్టుకుని రోడ్డు మీదికి వెళ్ళిపోయాడు.

ఆ మాట సబీహాకి పుండు మీద కారం చల్లినట్టు ఉంది. తనకి తెలిసిన మాట నిజమే. ఆ పిల్లకి ఏ కూర ఇష్టమో, ఏ కల వస్తే ఏ వైపు దొర్లుతుందో తనకే తెలుసు. ఆ తెలిసిందాన్నే ఇప్పుడు పట్టుకొచ్చి పెట్టమంటున్నారు, పిల్లని తీసుకుపోవడానికి.

శౌరయ్యకి ఇవేవీ తెలియవు కనుక హుషారుగా చెప్పుకుపోయాడు. అదీ ఇదీ రెండూ సిక్లిడ్లేనట, ఒకే వంశమట, అయినా ఒకదాన్నొకటి ఓర్వవట. ఈ పసుపువి ఆఫ్రికాలో పెద్ద సరస్సు తాలూకువట. తల్లి గుడ్లు పెట్టి నోట్లో పెట్టుకుంటుందట. పిల్లలై ఈదేదాకా మేత ముట్టదట.

"మింగేస్తే?" అంది నస్రీన్.

"ఆకలికి మింగదమ్మా. భయపడితే మింగుద్ది. అందుకని భయపెట్టకూడదు," అన్నాడు శౌరయ్య. తర్వాత సబీహా వైపు తిరిగాడు. "అయ్యగారు ఆ ఎర్రదాన్ని వదిలేట్టు లేరు. రెండూ ఒకే తొట్టిలో కావాలంటే మధ్యలో అద్దం బిగించి ఇస్తాను. నీళ్ళు పారడానికి చిల్లులుంటాయి. ఆ అద్దం మాత్రం తీయొద్దని ఇంట్లో అందరికీ చెప్పండమ్మా. తీశారా, తెల్లారేసరికి పసుపుది ఒక్కటి మిగలదు."

సబీహా తలూపింది. పక్కన నస్రీన్ కూడా పెద్దమనిషిలా తలూపింది. సబీహా కావాలంటే అక్కడే అన్నీ చెడగొట్టి ఉండొచ్చు. బంగారు చేపలు చాలనో, ఈ నల్లవి బాగున్నాయనో అంటే పిల్ల కాదనదు. కానీ అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డ పిల్ల ముఖం చూశాక ఆ పని చేతకాలేదు. తన చేత్తోనే వేలుపెట్టి చూపించి పసుపు చేపల్ని పట్టించింది. రిజ్వాన్ ఫోను ముగించి వచ్చేసరికి సంచుల్లో నీళ్ళు నింపడం కూడా అయిపోయింది. అద్దం సంగతి దారిలో చెబుదామనుకుంది. దారంతా అతను ఫ్లవర్‌హార్న్ గొప్పలు చెబుతూనే ఉన్నాడు. తర్వాత చెప్పొచ్చులే అనుకుంది. అప్పుడు ఆమె మనసులో పాపం ఏమీ లేదు, విసుగే ఉంది.

రంజాన్ వచ్చింది. సబీహా తెల్లవారుజామున లేచి ఇద్దరికే సహరీ భోజనం వండుకునేది. పిల్ల పక్క ఖాళీగా ఉండేది. ఖాలిక్ తిని నమాజుకి వెళ్ళిపోయేవాడు. శుక్రవారం శుక్రవారం ఇఫ్తార్‌కి భవానీపురం వెళ్ళేవాళ్ళు.

రెండో శుక్రవారం వెళ్ళేసరికి ఆ ఇంట్లో పెద్ద సందడి. పసుపు చేపల్లో ఒకటి మేత ముట్టడం మానేసింది. గింజలు వేస్తే మిగతావి ఎగబడుతున్నాయి, ఇది మాత్రం నోరు బిగించి రాయి పక్కన నిలబడి చూస్తోంది. దిల్షాద్ బేగం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సుభానల్లా, మాటరాని జీవం కూడా రోజా ఉంటోంది, ఉపవాసం పాటిస్తోంది అంది. అంతే, మర్నాటి నుంచి బంధువులు, ఇరుగుపొరుగు వరసకట్టారు. మసీదు నుంచి పెద్దలు కూడా ఒకసారి వచ్చి చూసి తలలూపి వెళ్ళారు. రిజ్వాన్ పెద్ద కొడుకు తౌసిఫ్ రోజాలు ఎగ్గొట్టి సందు చివర సమోసాలు తింటూ దొరికిపోతే, ఆ చేపకున్న బుద్ధి నీకు లేదని దాదీ దిల్షాద్ బేగం చెవి మెలేసింది.

అది రోజా కాదు దాదీ, దాని నోట్లో పిల్లలున్నాయి అని నస్రీన్ ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. తౌబా, నోట్లో పిల్లలేమిటే అని దాదీ కసిరింది. నస్రీన్ సబీహా వంక చూసి నవ్వింది. సబీహా కూడా నవ్వింది. ఆ ఇంట్లో ఆ సంగతి తెలిసినవాళ్ళు తామిద్దరే. ఆ ఒక్క నిమిషం సబీహాకి నెల మొత్తంలో దొరికిన పండగ.

కానీ ఆ నిమిషం నిలవలేదు. పిల్ల జడలు మారాయి. సబీహా గట్టిగా ఒక్క జడ వేసేది, ఇప్పుడు వదులుగా రెండు జడలున్నాయి. ఇలా అయితే తల నొప్పెట్టదు, చాచీ వేసింది అని చెప్పింది నస్రీన్. అందులో చాడీ లేదు, పోలికా లేదు, పిల్ల మామూలుగా చెప్పిన మాట. సబీహా మాత్రం ఆ వదులు జడని చేత్తో తడిమి చూసింది. ఇన్నేళ్ళు తల నొప్పెట్టినా ఈ పిల్ల తనకి చెప్పనేలేదా? షహనాజ్ వంటింట్లోంచి పిలిస్తే నస్రీన్ ఒక్క పిలుపుకే లేచి వెళ్ళడం చూసింది. మగపిల్లలు దానికి నీళ్ళు తెచ్చివ్వడం చూసింది. తిరిగి వెళ్ళేటప్పుడు గుమ్మందాకా వచ్చి చెయ్యూపిన పిల్ల, మొదటి శుక్రవారంలా కొంగు పట్టుకుని వేలాడలేదు. ఆ రాత్రి నుంచి, ఈద్ రోజున పిల్ల ఏం చెబుతుందో సబీహాకి తెలియదు.

ఈద్ ముందురోజు మధ్యాహ్నం సబీహా ఒక్కతే భవానీపురం వచ్చింది. పండగ పాయసం షీర్ ఖుర్మాకి ఖర్జూరాలు, బాదంపప్పులు తరగాలని అత్తగారు కబురు పెట్టింది. పిల్లలు ఖురాన్ చదువుకి వెళ్ళారు. షహనాజ్ మేడ మీద బట్టలు తీస్తోంది. సబీహా హాల్లో చాప మీద కూర్చుని పప్పులు తరుగుతుంటే రిజ్వాన్ చొక్కా చేతులు మడుచుకుంటూ తొట్టి దగ్గరికి వచ్చాడు. రేపు ఊళ్ళో సగంమంది వస్తారు, ఇంత పెద్ద తొట్టిలో ఎర్రది సగంలో ఇరుక్కుని ఉంటే ఏం అందం, పాపం ఎప్పుడూ ఆ అద్దానికి తల బాదుకుంటోంది, అవతలి వాటితో కలవాలని కాబోలు అన్నాడు. మధ్య అద్దం మీద చెయ్యి వేశాడు. ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు.

"భాభీ, ఈ అద్దం తీస్తే ఏమన్నా అవుద్దా? ఆ షాపాయన ఏమన్నా చెప్పాడా?"

కత్తి ఖర్జూరం మీద ఆగింది. రాయి పక్కన పసుపు తల్లి నోరు ఉబ్బి ఉంది, గవదల దగ్గర చర్మం పలచబడి లోపల ఏదో కదులుతున్నట్టుంది. రేపో మాపో విడిచిపెట్టేలా ఉంది. సబీహా బుర్రలో ఆలోచనలేవీ వరసగా నడవలేదు. ఒక్కటే కనిపించింది. పిల్ల రేపు పొద్దున లేస్తుంది, చచ్చిన చేపల్ని చూస్తుంది, ఈ ఇంటి మీద విరక్తి పుట్టి గుక్కపట్టి ఏడుస్తుంది. సరిగ్గా అప్పటికి తను వస్తుంది. పోనీలే బేటా, మన ఇంటికి పోదాం అంటుంది.

"ఏమీ చెప్పలేదే," అంది సబీహా.

రోజా నోటితో ఆడిన అబద్ధం అది. పొద్దుటి నుంచి గొంతులో చుక్క నీరు దిగలేదు, ఆ ఒక్క మాట మాత్రం తడుముకోకుండా బయటికి వచ్చింది. రిజ్వాన్ అద్దాన్ని పైకి లాగేశాడు. ఫ్లవర్‌హార్న్ కాసేపు ఉన్నచోటే ఉంది. తర్వాత తొందర లేకుండా, కొత్త ఇల్లు చూడ్డానికి వచ్చిన చుట్టంలా, అవతలి సగంలోకి వెళ్ళింది. అబ్బో కలిసిపోయాయి అన్నాడు రిజ్వాన్. సబీహా ఖర్జూరాలు సగంలోనే వదిలేసి లేచింది. ఇఫ్తార్ దాకా ఉండమని షహనాజ్ మేడ దిగివచ్చి మరీ అడిగింది. ఆయన ఒక్కరే ఉంటారని చెప్పి వచ్చేసింది. ఉంటే నోరు జారి నిజం చెప్పేస్తానని ఆమెకి తెలుసు.

నెలవంక కనిపించగానే పంజా సెంటర్ అంతా టపాకాయలు, కేకలు. సబీహా కొంగు కప్పుకుని సందు మొదట్లో ఉన్న ఫోన్ బూత్‌కి వెళ్ళింది. అద్దం మళ్ళీ పెట్టెయ్యండి, షాపాయన చెప్పిన మాట ఇప్పుడే గుర్తొచ్చింది అంటే సరిపోతుంది. ఎవరూ తప్పుపట్టరు. అక్కడ ముబారక్ చెప్పుకునేవాళ్ళు వరసలో ఉన్నారు. కాసేపు నిలబడి వెనక్కి వచ్చేసింది. వరస కదలడం లేదని తనకి తను చెప్పుకుంది. వరస కదులుతూనే ఉంది.

పొద్దున ఈద్ నమాజు కాగానే ఇద్దరూ బయల్దేరారు. సబీహా చేతిలో నస్రీన్‌కి తనే కుట్టిన కొత్త గాగ్రా ఉంది, ఆకుపచ్చది, అంచుకి జరీ. దారి పొడుగునా ఆ ఒక్క మాటనే నోట్లో నలుపుకుంది. పోనీలే బేటా, మన ఇంటికి పోదాం.

ఇంట్లోకి అడుగుపెట్టగానే ఏడుపు వినపడింది. తొట్టిలో నీళ్ళు మసగ్గా ఉన్నాయి. రాళ్ళ మధ్య పసుపు ముక్కలు, ఒక తోక, తేలుతున్న పొలుసులు. ఎర్రది ఒక్కటే తొట్టినంతా ఏలుతూ తిరుగుతోంది. నస్రీన్ సోఫా ముందు నేల మీద షహనాజ్ ఒళ్ళో ముఖం దాచుకుని వెక్కుతోంది. పొద్దున లేచి చూసినప్పటి నుంచీ అక్కడే ఉందట. షహనాజ్ పండగ బట్టలు కూడా కట్టుకోలేదు. నూనె మరకల నైటీతోనే కూర్చుని పిల్ల వీపు రాస్తోంది. సబీహా అనుకున్నదంతా అనుకున్నట్టే జరిగింది. ఏడ్చే పిల్లకి ఆ పూట ఎవరి ఒళ్ళు దగ్గరగా ఉంటుందన్నది మాత్రం అనుకోలేదు.

"బేటా," అంటూ పక్కన కూర్చుంది.

నస్రీన్ తలెత్తింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"అద్దం తీయొద్దని షాపు తాత చెప్పాడు కదా అమ్మీ. నిన్న చదువు నుంచి వచ్చి చూసి చాచాతో పోట్లాడాను. మళ్ళీ పెట్టెయ్యమని ఏడ్చాను. మీ అమ్మీనే అడిగాను, ఏమీ కాదంది అన్నాడు చాచా. నువ్వు చెప్పావని ఊరుకున్నాను."

అత్తరు రాసుకుని గుమ్మంలో నిలబడ్డ రిజ్వాన్ ఇటు తిరిగాడు. షాపాయన ఏమీ చెప్పలేదన్నారు కదా భాభీ అన్నాడు, నెమ్మదిగా, తనే తప్పు విన్నానేమోనని అనుమానపడుతున్నట్టు. దిల్షాద్ బేగం తస్బీ పూసలు తిప్పడం ఆపింది. ఖాలిక్ యథాప్రకారం నేల వంక చూశాడు. షహనాజ్ ఒక్కతే సబీహా ముఖంలోకి సూటిగా చూసింది. అంతా అర్థమైందని ఆ చూపులో తెలిసిపోయింది. ఇప్పుడు ఒక్క మాట అంటే సబీహా బతుకు ఆ బంధువుల్లో బజారున పడుతుంది. గోడవైపు తిరిగి పడుకున్న నాటి నుంచీ షహనాజ్ ఏ మాటా అనలేదు. అనే హక్కు ఇవాళ వచ్చింది.

"ఆపా మర్చిపోయి ఉంటుంది," అంది షహనాజ్, తోటికోడల్ని ఎప్పటిలా అక్క వరసతోనే పిలుస్తూ. "నిన్నంతా రోజా మీద పని చేస్తూనే ఉంది కదా. పెద్దవాళ్ళు మర్చిపోరా బేటా? అమ్మీ మీద కోపం పెట్టుకోకు."

తిట్టినా బాగుండేది. జుట్టు పట్టుకు బయటికి ఈడ్చినా సబీహా ఎదురు తిరిగి అరిచి ఉండేది. ఆ దయ ముందు ఆమెకి నిలబడే చోటే లేకపోయింది. అయినా ఆశ చావలేదు. దారంతా నలిపిన మాట దానంతట అదే బయటికి వచ్చింది.

"పోనీలే బేటా. మన ఇంటికి పోదామా?"

నస్రీన్ చాలాసేపు ఆమెనే చూసింది. పిల్లలకి అబద్ధం పట్టుకోవడం రాదని పెద్దవాళ్ళు అనుకుంటారు. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"నేను ఇక్కడే ఉంటాను అమ్మీ," అంది.

అమ్మీ అనే అంది. ఆ పిలుపు మానేసినా సబీహా ఎలాగో తట్టుకునేది. దిల్షాద్ బేగం, విన్నారుగా, దాని నోటితోనే చెప్పింది అని లేచి వెళ్ళిపోయింది. సబీహా గాగ్రాని సోఫా మీద పెట్టింది. ఎవరో షీర్ ఖుర్మా గిన్నె చేతికిచ్చారు. తాగింది, తీపి తెలియలేదు.

వెళ్ళేటప్పుడు షహనాజ్ గుమ్మం దాటి గేటు దాకా వచ్చింది. చేతిలో ఒక గాజు సీసా ఉంది. మూతకి మేకుతో చిల్లులు పొడిచి ఉన్నాయి. అది సబీహా ఇంట్లోని నిమ్మకాయ పచ్చడి సీసా. కనిపించక రంజాన్ మొదట్లో ఆమె ఇల్లంతా వెతికింది.

"చేపలకి పిల్లలు పుడితే పెట్టుకోవడానికని ఇక్కడికి వచ్చే రోజునే మీ ఇంటి నుంచి తెచ్చుకుందట," అంది షహనాజ్. "రోజూ కడిగి పెట్టేది. ఈద్ నాటికి చేపపిల్లలు బయటికొస్తాయి, ఇందులో వేసుకుని అమ్మీ దగ్గరికి వెళ్ళిపోతాను చాచీ, నువ్వు ఏడవొద్దు అని నాకు చెబుతూ ఉండేది. నస్రీన్ ఇక్కడ ఉండదని నాకు ముందే తెలుసు ఆపా. నెల రోజులైనా ఉందిలే అనుకున్నాను."

ఆమె గొంతులో గెలిచినవాళ్ళ గర్వం లేదు. సీసాని సబీహా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ఆటో కొండ కింద రోడ్డెక్కింది. ఒకవైపు కృష్ణ, ఇంకోవైపు కొండ. పండగ బట్టల పిల్లలు రోడ్డు పక్కన నడుస్తున్నారు. ఖాలిక్ ఆమె వైపు తిరిగాడు.

"నిజంగా మర్చిపోయావా?"

పెళ్ళయిన నాటి నుంచి అతను ఆమెని సూటిగా అడిగిన ప్రశ్న అదొక్కటే. అలా సూటిగా తల్లిని అడగాల్సిన రోజున అడిగి ఉంటే ఈ అద్దాలూ చేపలూ ఏమీ ఉండేవి కావు. ఆ మాట అతనితో అందామనుకుంది. ఒళ్ళో ఉన్న సీసాని చూసి మానేసింది.

"లేదు," అంది.

ఖాలిక్ మళ్ళీ రోడ్డు వైపు తిరిగాడు. రోడ్డు గతుకులకి ఆటో ఎగిరినప్పుడల్లా సబీహా ఆ ఖాళీ సీసా పగిలిపోకుండా రెండు చేతులతో పొట్టకి అదుముకుంది.